నలుపు మీద నలుపు

1981లో న్యూజీలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నుంచి ఒక చిన్న రికార్డు వచ్చింది. ఏడు అంగుళాల సింగిల్. పాట పేరు 'యాంబివలెన్స్'. వాయించిన బృందం పిన్ గ్రూప్. కవరు నల్లటి అట్ట, దాని మీద వేసిన సిరా కూడా నలుపే. దుకాణంలో వరసగా నిలబెట్టిన రికార్డుల మధ్య అది ఏమీ అచ్చు కాని కవరులా ఉంటుంది. చేతిలోకి తీసుకుని వెలుతురు వైపు కొంచెం వంచితే సిరా పడినచోట మెరుపు వేరుగా తేలుతుంది. అప్పుడు గాని అచ్చు కంటికి దొరకదు. నిటారుగా పట్టుకున్నామా, మళ్లీ నలుపులో కలిసిపోతుంది.

ఆ పాట పేరుకు అర్థం ఎటూ తేల్చుకోలేని మనసు. కవరేమో ఉన్నదా లేదా అనిపించే అచ్చు. రెండింటికీ సంబంధం ఉందని ఎవరైనా అనవచ్చు. అనడం తేలిక, నిలబెట్టడం కష్టం. రాక్ బృందాల రికార్డు కవర్లలో రహస్యాలు వెతకడం అరవై ఏళ్లుగా నడుస్తున్న వ్యసనం. అందులో కొంత నిజమైన చదువు ఉంది, చాలా భాగం ఊహ. రెండింటినీ విడదీసే గీటురాయి ఒకటి ఉందని నా నమ్మకం. కవరు మీది అర్థం అది తయారైన తీరులోంచి మొలవాలి. ఎవరి చెయ్యి, ఏ అట్ట, ఏ సిరా, ఎంత డబ్బు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగితే బొమ్మ జవాబు చెప్పడం మొదలుపెడుతుంది. ఈ ప్రశ్నలు అడగకుండా చెప్పే గూఢార్థం ఎంత అందంగా ఉన్నా నేను ఒప్పుకోలేను.

ఈ పట్టుదల మనవాళ్లకు కొత్తదేం కాదు. మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి సొంతూరని చెబుతారు. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాయడానికి కూర్చున్నప్పుడు, మూలంలో లేనిది ఏదీ రాయననీ, అక్కర్లేనిది ఏదీ చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చాడు. ధ్వని, శ్లేష, వ్యంగ్యం అంటూ ఒక్కో మాటలో నాలుగు అర్థాలు తీయగల పండితుడు తనకు తాను వేసుకున్న కట్టడి అది. అర్థాలు పుట్టించే శక్తి ఎక్కువ ఉన్నవాడికే ఆ కట్టడి ఎక్కువ అవసరం. రికార్డు కవరు చదివేవాళ్లకు అంతకంటే మంచి నియమం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

మల్లినాథుడి పద్ధతిలోనే ఆ నల్ల కవరును మళ్లీ చూద్దాం. దాన్ని రూపొందించినవాడు రోనీ వాన్ హౌట్. అప్పటికి ఇలామ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయ లలితకళల విభాగంలో సినిమా చదువుకుంటున్న కుర్రవాడు. ఇలామ్ అంటే క్రైస్ట్‌చర్చ్‌లో రిక్కార్టన్‌ను ఆనుకున్న పేట. ఇవాళ ఆ విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వచ్చే మన తెలుగు పిల్లలు గది అద్దెకు వెతికేదీ, బియ్యం, కందిపప్పు, గోంగూర పచ్చడి సీసా కొనుక్కునేదీ రిక్కార్టన్ రోడ్డు చుట్టుపక్కలే. బస్సు కోసం వాళ్లు నిలబడే ఆ వీధులకు ఇంత దగ్గరలో, నలభై ఏళ్ల క్రితం, న్యూజీలాండ్ సంగీత చరిత్రను మార్చిన కవర్లు తయారయ్యాయని చెబితే వాళ్లలో చాలామంది నమ్మరు.

ఆ రికార్డు వేసిన సంస్థ ఫ్లయింగ్ నన్. క్రైస్ట్‌చర్చ్‌లో ఒక రికార్డుల దుకాణంలో పనిచేస్తున్న రోజర్ షెపర్డ్ 1981లో దాన్ని మొదలుపెట్టాడు. 'యాంబివలెన్స్' దాని మొదటి నంబరు. రెండోది ద క్లీన్ అనే డునెడిన్ బృందం పాడిన 'టాలీ హో'. సుమారు యాభై డాలర్ల ఖర్చుతో రికార్డు చేసిన ఆ పాట దేశపు పాటల పట్టికలో 19వ స్థానం దాకా వెళ్లింది. యాభై డాలర్లతో పాట రికార్డు చేసే చోట కవరుకు నాలుగు రంగుల ఆఫ్‌సెట్ అచ్చు ఎక్కడినుంచి వస్తుంది? అందుకే స్క్రీన్ ప్రింటింగ్, జెరాక్సు, కత్తెర, జిగురు, చేతిరాత. మన ఊళ్లలో శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగే ఇది. చట్రానికి బిగించిన సన్నటి వల, దాని మీద అచ్చు కావలసినచోట మాత్రమే సిరా దిగనిచ్చే తెర, రబ్బరు పట్టీతో ఒక్క లాగుడు. ఒక్కో రంగుకు ఒక్కో తెర కావాలి. ఒక రంగుతో సరిపెట్టుకుంటే ఒక్క తెర చాలు. ఈ పద్ధతిలో సిరా అట్టలోకి ఇంకిపోదు, పైన పొరలా నిలుస్తుంది. ఆ పొరే వెలుతురును వేరుగా పట్టుకుంటుంది. నలుపు మీద నలుపు కంటికి ఆనడానికి కారణం ఇదే. ఆఫ్‌సెట్ యంత్రం మీద ఇదే ఆలోచన వేసి ఉంటే ఆ అచ్చు కనిపించేదే కాదేమో.

పేదరికం ఒక్కటే కారణమా? ఆ కాలపు గాలి కూడా ఉంది. ఇంగ్లండులో 1979లో జాయ్ డివిజన్ వేసిన 'అన్‌నోన్ ప్లెజర్స్' కవరు ముందు వైపు బృందం పేరు లేదు, రికార్డు పేరు లేదు. నల్లని మైదానం నడుమ తెల్లటి గీతలు, కొండల వరసలా. అవి కొండలు కావు. 1967లో జోస్లిన్ బెల్ బర్నెల్ మొదటిసారి కనిపెట్టిన పల్సార్ అనే మృత నక్షత్రం నుంచి వచ్చిన రేడియో తరంగాలు. హెరాల్డ్ క్రాఫ్ట్ అనే పరిశోధకుడు తన సిద్ధాంత గ్రంథం కోసం గీయించిన పటం అది. తర్వాత ఒక ఖగోళశాస్త్ర విజ్ఞానసర్వస్వంలో అచ్చయింది. అక్కడ బృంద సభ్యుడి కంట పడింది. కవరు రూపొందించిన పీటర్ సావిల్ చేసిన పెద్ద మార్పు, తెలుపు మీద నల్ల గీతల్ని నలుపు మీద తెల్లగా తిప్పడం. చచ్చిపోయిన నక్షత్రం లయ తప్పకుండా కొట్టుకుంటోందని ఆ బొమ్మను చదవడం అతిశయోక్తి కాదు. ఆ అర్థం బొమ్మ పుట్టుకలోనే ఉంది, పాటల్లోని డప్పుల తాకిడిలోనూ ఉంది. ఆ బృందం గాయకుడు ఇయన్ కర్టిస్ 1980లో ఆత్మహత్య చేసుకున్నాడు. 1981లో వాళ్ల 'లవ్ విల్ టేర్ అస్ అపార్ట్' న్యూజీలాండ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. వాళ్ల సొంత దేశంలో అది అంత పైకి వెళ్లలేదు. ఇంత దూరంలో, క్రైస్ట్‌చర్చ్ ఉన్న ఈ దక్షిణ ద్వీపపు చలిలో, ఆ నలుపును ఇంటిదానిలా అక్కున చేర్చుకున్నారు. పిన్ గ్రూప్ నల్ల కవరుకు అదీ వేరు. అక్కడి నలుపులో తెల్లటి గీతలైనా ఉన్నాయి. ఇక్కడి కుర్రవాళ్లు అవి కూడా తీసేశారు.

నేను 'చదవడం' అంటున్నది ఇదే. చేతిపని, డబ్బు, కాలం, పాట నాలుగూ ఒకేవైపు చూపిస్తున్నాయి. ఇక ఆ కవరు తేల్చుకోలేని మనసుకు రూపం అంటే మల్లినాథుడు కూడా కాదనడు.

వేరు లేని చదువుకు ఉదాహరణ కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేదు. బీటిల్స్ 1969లో వేసిన 'అబ్బీ రోడ్' కవరు మీద నలుగురూ వరసగా రోడ్డు దాటుతుంటారు. పాల్ మకార్ట్‌నీ కాళ్లకు చెప్పులు లేవు. వెనక ఆగిన కారు నంబరు పలకలో 28, దాని పక్కనే ఒకటి అంకె, ఎఫ్ అక్షరం. ఆ రెండూ కలిపి 'అయితే' అని అర్థమిచ్చే ఇంగ్లిషు మాటగా చదివారు. దీన్నిబట్టి పాల్ ఎప్పుడో చచ్చిపోయాడనీ, ఉన్నది మారువేషమనీ, బతికి ఉంటే 28 ఏళ్లుండేవనీ అమెరికా కాలేజీల్లో గాలివార్త లేచింది. తెల్ల బట్టల జాన్ లెనన్ పురోహితుడు, నల్ల బట్టల రింగో శవయాత్ర నడిపేవాడు, జీన్సు తొడుక్కున్న జార్జ్ గుంటలు తవ్వేవాడు అన్నారు. వినడానికి గమ్మత్తుగానే ఉంది. కాని పాల్ పుట్టింది 1942 జూన్‌లో. ఆ రికార్డు వచ్చేనాటికి అతనికి 27. లెక్కే కుదరలేదు. ఇయన్ మెక్‌మిలన్ ఆ ఆగస్టు ఉదయం నిచ్చెన ఎక్కి పది నిమిషాల్లో ఆరు ఫొటోలు తీశాడు. మొదటి వాటిలో పాల్ కాళ్లకు చెప్పులున్నాయి. ఎండకు ఆ తర్వాత వదిలేశాడు. నలుగురి కాళ్లూ ఒకే తీరున చక్కగా పడిన ఫొటోను ఎంచుకున్నారు. మిగతా ఫొటోలు చూసినవాళ్లకు చెప్పుల రహస్యం నిలబడదు. ఒక బొమ్మను చదవాలంటే దాని పక్కన పారేసిన బొమ్మల్ని కూడా అడగాలి.

మన దేవుళ్లు కనిపించే కవర్ల దగ్గరికి వస్తే పని ఇంకా కష్టం, మనకు ఇంకా దగ్గర. గిటారు వాద్యకారుడు జిమీ హెండ్రిక్స్ 'యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్' 1967 డిసెంబరులో వచ్చింది. కవరు నిండా విశ్వరూపం. మన ఇళ్లలో క్యాలెండర్ల మీద, పటాల దుకాణాల్లో దొరికే విరాట్‌పురుషుడి బొమ్మే. చుట్టూ దేవతలు, చేతుల నిండా ఆయుధాలు. మధ్యలో హెండ్రిక్స్, అతని ఇద్దరు సహవాద్యకారుల ముఖాలు. తెలుగువాడి కన్ను ఆ కవరు మీద పడగానే చకచకా అర్థాలు అల్లుతుంది. ఆ రికార్డులోని చివరి పాట రంగులన్నీ మనోభావాలుగా మారే పాట. అన్నీ ఒక్కరిలో ఇమిడినట్టు చూపే విశ్వరూపం దానికి ఎంత చక్కగా అమరింది! గిటారు వాయించేవాడి చేతులు ఎన్నో అనిపిస్తాయి కదా, అందుకే ఇన్ని చేతులు! ఇట్లా ఎంత దూరమైనా పోవచ్చు.

జరిగింది వేరు. హెండ్రిక్స్ తన వంశంలో అమెరికా మూలవాసుల రక్తం ఉందని చెప్పుకునేవాడు. కవరు మీద ఆ జాడ రావాలని కోరుకున్నాడు. ఇంగ్లిషులో అప్పట్లో వాళ్లనూ మననూ 'ఇండియన్' అన్న ఒకే మాటతో పిలిచేవారు. లండన్ కళాకారులు మనవైపు చూశారు. దొరికిన దేవుడి పటం మీద, కార్ల్ ఫెరిస్ తీసిన ఫొటో ఆధారంగా రోజర్ లా వేసిన ముఖాలు అతికించారు. హెండ్రిక్స్ ఆ కవరుతో తనకు సంబంధం లేదన్నట్టే మాట్లాడాడు. అందుకని ఆ బొమ్మలో విశ్వరూప తత్వం వెతకడం నీళ్లలో జాడలు వెతకడమే. అయితే అక్కడ చదవడానికి ఏమీ లేదనను. 1967 నాటి లండన్‌లో మన దేవుడి పటం అలంకారంగా, మత్తు రంగుగా, ఎవరినీ అడక్కుండా తీసుకోగల వస్తువుగా ఎట్లా మారిందో ఆ కవరు నిక్కచ్చిగా చెబుతుంది. దాని అసలు గూఢార్థం అదే. ఆ బొమ్మ వేసిన భక్తుడి చేతికీ, దాన్ని కత్తిరించిన కళాకారుడి కత్తెరకూ మధ్య ఉన్న దూరం.

ముప్పై ఏళ్ల తర్వాత ఆ దూరం తగాదాగా మారింది. 1997లో ఏరోస్మిత్ బృందం 'నైన్ లైవ్స్' కవరు మీద కాళియుడి పడగల మీద నాట్యమాడే కృష్ణుడి బొమ్మను తీసుకుని, కృష్ణుడికి పిల్లి తల, స్త్రీ దేహం పెట్టారు. పిల్లికి తొమ్మిది ప్రాణాలుంటాయన్నది వాళ్ల సామెత. రికార్డు పేరు దానిమీదే. మూలం ఇస్కాన్ పుస్తకాల్లోని వర్ణచిత్రం. హిందువులు నిరసన తెలిపారు. రికార్డు కంపెనీ క్షమాపణ చెప్పి కవరు మార్చింది. మనోభావాల గొడవను పక్కన పెట్టి చూసినా, వ్యాఖ్యాతగా నా అభ్యంతరం ఇంకోటి. కాళియమర్దనంలో ప్రతి అంగానికీ పని ఉంది. ఎత్తిన పాదం, పట్టిన తోక, వంగిన పడగ, చేతులు జోడించిన నాగకాంతలు. పోతన భాగవతం చదివిన ఇంట్లో పదేళ్ల పిల్లకు కూడా ఈ భాష తెలుసు. ఆ భాష తెలియనివాడు ఒక మాట తీసి ఇంకో మాట పెడితే వాక్యం విరిగిపోతుంది. ఆ కవరులో విరిగింది వాక్యమే. ఆ బృందానికి ఆ బొమ్మ ఎక్కడిదో కూడా తెలియదట.

లేనిదాన్ని చదవగలమా? ఒక్కోసారి చదవగలం. 1967లోనే వచ్చిన బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' కవరు మీద పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులు ఒక గుంపును నిలబెట్టారు. రచయితలు, నటులు, బాక్సర్లు. జార్జ్ హారిసన్ కోరిక మీద లాహిరీ మహాశయులు, శ్రీయుక్తేశ్వర్, పరమహంస యోగానంద వచ్చారు. కింద పూల మధ్య చిన్న లక్ష్మీదేవి బొమ్మ ఉంది. గాంధీ కూడా ఉండేవాడు. ఆ రికార్డు కంపెనీ ఇ.ఎం.ఐ. అధ్యక్షుడు జోసెఫ్ లాక్‌వుడ్ వద్దన్నాడు, భారతదేశంలో గొడవవుతుందన్న భయంతో. గాంధీ ఉన్నచోట ఆకులు వచ్చాయి. ఆ ఇ.ఎం.ఐ. చేతిలోనే మన గ్రామఫోన్ కంపెనీ ఉండేది. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో తయారై, కుక్క బొమ్మతో మన ఇళ్లకు వచ్చిన ఘంటసాల రికార్డులు ఆ కంపెనీవే. మన మార్కెట్టు కోసం లండన్‌లో ఒక ముఖం తుడిచేశారని తెలిస్తే ఆ ఆకులు మామూలు ఆకుల్లా కనిపించవు. ఇది ఊహ కాదు. తీసేయక ముందు తీసిన ఫొటోలు ఉన్నాయి, చెప్పినవాళ్లు ఉన్నారు. మూలం ఉంది కాబట్టే లేనిదాన్ని కూడా చదవగలుగుతున్నాం.

న్యూజీలాండ్ కవర్లలో నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపేది ఆక్లండ్ బృందం హెర్బ్స్ 1981లో వేసిన 'వాట్స్ బి హాపెన్'. మావోరీ, పసిఫిక్ దీవుల యువకులు కలిసి రెగె పాడిన బృందం. రెండేళ్ల ముందు రెగె గాయకుడు బాబ్ మార్లీ ఈ దేశానికి వచ్చి పాడి వెళ్లాడు, ఆ ఏడాది మే నెలలోనే కన్నుమూశాడు. ఆ వేడి ఈ పాటల్లో ఉంది. కవరు మీద ఆకాశం నుంచి తీసిన ఫొటో. తెలియనివాళ్లకు సముద్రం పక్కన పచ్చిక, కొన్ని గుడారాలు, మనుషుల గీత. తెలిసినవాళ్లకు అది బాస్టియన్ పాయింట్. ఆక్లండ్ రేవు పక్కన ఉన్న ఆ ఎత్తు నేల న్ఘాతి ఫాటువా అనే మావోరీ తెగది. మిగిలిన ఆ కాస్త నేల మీద కూడా ఖరీదైన ఇళ్లు కట్టాలని ప్రభుత్వం పథకం వేసినప్పుడు 1977 జనవరిలో జో హాక్ నాయకత్వంలో ఆ తెగవాళ్లు అక్కడే గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. 506 రోజులు. 1978 మే 25న పోలీసులు, సైన్యం వచ్చి చుట్టుముట్టి 222 మందిని అరెస్టు చేశారు, గుడిసెలు కూల్చేశారు. కవరు మీద ఉన్నది ఆ రోజు.

ఇందులో దాచిపెట్టింది ఏమీ లేదు. సంకేతం లేదు, తిరగేసి చదివే అక్షరాలు లేవు. అయినా ఈ బొమ్మ పరాయివాళ్లకు మూసుకుపోయి ఉంటుంది. ఇక్కడికి వలస వచ్చిన మనలాంటివాళ్లకు ఈ మాట బాగా అర్థం కావాలి. ఆ ఫొటో పైనుంచి తీసింది. పైనుంచి చూసే చూపు ఎవరిది? పోలీసులదా, వార్తాపత్రికదా, భూమి లెక్క వేసే ప్రభుత్వానిదా? నేల మీద కూర్చున్నవాళ్ల చూపు అది కాదు. ఆ చూపును తీసుకుని, నేల మీది గొంతుల్ని అదే కవరు లోపల పెట్టారు. బొమ్మ పైనుంచి మాట్లాడితే పాట కిందనుంచి జవాబిస్తుంది. రికార్డు వచ్చిన నెలల్లోనే వర్ణవివక్ష నడిపే దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు దేశమంతా తిరుగుతోంది, ఊరూరా నిరసనలు. ఆగస్టు 15న క్రైస్ట్‌చర్చ్ లాంకాస్టర్ పార్కు ముందు కూడా పోలీసుల వరసలే. ఆ వారం దుకాణంలో ఈ కవరు చూసినవాడికి అది మూడేళ్ల పాత ఫొటోలా కనిపించి ఉండదు.

రిక్కార్టన్‌కు కూడా ఈ చూపు వర్తిస్తుంది. ఆ పేరు స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్ నుంచి వచ్చి 1843లో ఇక్కడ స్థిరపడిన డీన్స్ సోదరులు తమ ఊరి గుర్తుగా పెట్టింది. అంతకు ముందు ఈ చోటు పుటారింగామోటు. ఆ పేరున్న కహికతెయా చెట్ల అడవి ముక్క ఇప్పటికీ రిక్కార్టన్ నడిబొడ్డున ఉంది. దుకాణాల సందడికి నడిచేంత దూరంలోనే. పేరు ఒకటి పైన అచ్చయింది, కిందిది వంచి చూస్తేనే కనిపిస్తుంది.

కవరు చదివే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. ఆదివారం రిక్కార్టన్ గుర్రప్పందాల మైదానంలో జరిగే సంతలో పాత రికార్డులు డబ్బాల్లో పెట్టి అమ్ముతారు. అక్కడ ముందు వైపు చూసి వదిలేసేవాళ్లే ఎక్కువ. నేను వెనక నుంచి మొదలుపెడతాను. కింద మూల చిన్న అక్షరాల్లో చిత్రకారుడి పేరు, ఫొటో తీసినవాడి పేరు, అచ్చువేసిన చోటు ఉంటాయి. నంబరు ఉంటుంది. ఆ సంస్థ అప్పటికి ఎన్ని రికార్డులు వేసిందో, అంటే ఎంత డబ్బులో ఉందో ఆ నంబరు చెబుతుంది. తర్వాత లోపలి కాగితపు తొడుగు. తర్వాత రికార్డు చివర, పాట అయిపోయి ముల్లు తిరిగే ఖాళీ వలయం. అచ్చు తీసేవాళ్లు అక్కడ చేత్తో గీసిన మాటలు కొన్నిసార్లు దొరుకుతాయి. ఆ తర్వాతే ముందు వైపు, అదీ పాట వింటూ. పాట వినకుండా కవరుకు అర్థం చెప్పడం కావ్యం చదవకుండా శీర్షికకు వ్యాఖ్యానం రాయడమే.

కొలత కూడా అర్థంలో భాగమే. ఎల్‌పీ కవరు దాదాపు ముప్పై సెంటీమీటర్ల చదరం. సీడీ వచ్చాక అది పన్నెండుకు కుంచించుకుపోయింది, ఫోను తెర మీద గోరంత అయింది. నలుపు మీద నలుపు అచ్చు ఫోను మీద చూస్తే నల్ల చదరం తప్ప ఏమీ లేదు. దాన్ని వంచే చెయ్యి లేదు కాబట్టి. ఇక ప్రతి కవరులోనూ లోతు ఉండాలన్న పట్టుదల కూడా మంచిది కాదు. న్యూజీలాండ్ బృందం స్ప్లిట్ ఎంజ్ 1980లో 'ట్రూ కలర్స్' కవరును రకరకాల రంగుల జతల్లో వేసింది. రంగుల ఆట అది, కొనేవాళ్లకు సరదా. అంతకంటే తవ్వడం నిష్ఫలం.

మనకూ పాటతో నడిచే బొమ్మ ఉంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు వేసే పటాలు ఎర్రటి నేపథ్యం మీద వరసలు వరసలుగా కథ చెబుతాయి. కాకిపడగల వంటి కథకులు ఆ పటాన్ని పరిచి, పుల్లతో చూపిస్తూ పాడతారు. అక్కడ రహస్యం మిగలదు. బొమ్మ పక్కనే దాని వ్యాఖ్యాత నిలబడి ఉంటాడు, ఎవరైనా తప్పుగా అర్థం చేసుకుంటే అక్కడికక్కడే దిద్దుతాడు. రికార్డు కవరు ఆ కథకుడు లేని పటం. అందుకే అది ఇంత అల్లరికి లోనైంది. అందుకే దాని వెనక మూలనున్న చిన్న అక్షరాలు అంత విలువైనవి.

2021లో ఫ్లయింగ్ నన్‌కు నలభై ఏళ్లు నిండినప్పుడు క్రైస్ట్‌చర్చ్ ఆర్ట్ గ్యాలరీ ఆ చిన్న అక్షరాల వెనకున్న మనుషులను గోడలకెక్కించింది. పీటర్ వాంజియోని కూర్చిన ఆ ప్రదర్శన పేరు 'హెల్జపాపిన్'. కవర్లు, పోస్టర్లు, వాటి అసలు చిత్రాలు ఒకచోటికి వచ్చాయి. పాట వినేవాళ్లు పారేసే వస్తువుగా పుట్టినవాటిని ఒక నగరం తన చిత్రకళలో భాగంగా ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. 2011 ఫిబ్రవరి భూకంపంలో 185 మంది చనిపోయిన ఈ నగరంలో, పాటలు పుట్టిన పాత భవనాలెన్నో కూలిపోయాక, అట్టముక్కలు మిగిలాయి.

రోనీ వాన్ హౌట్ పేరు అప్పటికి ఊరంతటికీ తెలుసు, వేరే కారణానికి. 2016లో అతని శిల్పం 'క్వాసీ'ని అదే గ్యాలరీ కప్పు మీద నిలబెట్టారు. అయిదు మీటర్ల ఎత్తు చెయ్యి, రెండు వేళ్ల మీద నిలబడి, మీద అతని ముఖాన్ని పోలిన ముఖంతో. జనం కొందరు భయపడ్డారు, కొందరు తిట్టారు, కొందరు ఇష్టపడ్డారు. 2019లో వెల్లింగ్టన్‌కు తరలించారు, 2024 దాకా అక్కడ ఉంది. దాని అర్థమేమిటని అడిగినవాళ్లు చాలామంది. తెరమీద సిరా లాగిన కుర్రవాడి చేతి నుంచి మొదలుపెట్టి చూస్తే నాకది అంత వింతగా అనిపించదు. చేసేవాడి ముఖం చేతిలోనే ఉంటుందని అతను మొదటి నుంచీ నమ్మినట్టు కనిపిస్తుంది. ఇది నా చదువు. దీనికి మూలం ఉందని చెప్పను, అతని పని వరస మాత్రమే చూపిస్తాను.

మన రికార్డుల విషయం ఇక్కడే నన్ను బాధిస్తుంది. తెలుగు సినిమా ఎల్‌పీల మీద సాధారణంగా సినిమా స్టిల్సే ఉండేవి, పేరు మాత్రం ఎవరో చేత్తో అందంగా రాసేవారు. భక్తిగీతాలు, లలితగీతాలు, నాటకాల రికార్డుల మీద బొమ్మలుండేవి. చిత్రకారుడు వపా ముఖచిత్రాల కోసం 'యువ' పత్రికను దాచుకున్న పాఠకులు మనవాళ్లు, బాపు గీతను చీకట్లో గుర్తుపట్టేవాళ్లు మనవాళ్లు. అయినా రికార్డుల కవర్ల మీద అక్షరాలు రాసినవాళ్లు, దేవుడి బొమ్మకు ఆ నీలం ఎంచినవాళ్లు, ఫొటో చుట్టూ ఆ పూలతీగ అల్లినవాళ్లు ఎవరో ఒక్కచోట రాసిపెట్టిన పట్టిక నా కంట పడలేదు. విజయవాడలో, మద్రాసులో, హైదరాబాదులో అటకల మీద ఇంకా ఆ కవర్లు ఉన్నాయి. రికార్డు గీకిపోయి పాడకపోయినా కవరు పారేయకండి. వెనక్కి తిప్పి, కింద మూల చూడండి. పేరుంటే పేరు, అచ్చయిన ఊరు, సంవత్సరం, నంబరు ఒక నోటుపుస్తకంలో రాయండి, ముందూ వెనకా ఫొటో తీయండి, పెద్దవాళ్లు ఇంకా ఉంటే ఆ చేతిరాత ఎవరిదో అడిగి అదీ రాయండి.